సన్మాన పత్రంలో సైటేషన్లు ఎన్ని అని రాయాలి?

గ్రంథాలయం_గట్టు:

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో గౌతమి ఒడ్డున చిన్న ఊరు. ఈ సంక్రాంతికి, కనుమ నాడు సాయంత్రం, మా ఊరి ఆడపడుచు ఒకామెకు హైస్కూలు ఆవరణలో సన్మానం చేయాలని గ్రంథాలయ కమిటీ తీర్మానించింది. ఆమె కణజీవశాస్త్రంలో పరిశోధకురాలు. శాలువా కొన్నాం, జ్ఞాపికకు చెప్పాం, ఆత్రేయపురం పూతరేకులకు బయానా ఇచ్చాం. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన పాపానికి సన్మాన పత్రం రాసే పని నా మెడకు చుట్టుకుంది.

"సరస్వతీ పుత్రిక", "గౌతమీ తీర కీర్తి పతాక" అని నాకు చేతనైనట్టు మొదలుపెట్టాను. కమిటీలో కుర్రవాళ్లు వినలేదు. "మాస్టారూ, పోయిన ఏడాది రైస్ మిల్లు యజమానికీ ఇవే రాశారు. ఈమెకు అంకెలు ఉండాలి" అన్నారు. నిజమే, ఆ పత్రంలో పుత్రికకు బదులు పుత్రుడు ఉంది, అంతే తేడా.

సరే తెమ్మంటే ముగ్గురు, ఇంటర్నెట్‌లో పరిశోధన వ్యాసాల పట్టికలు మూడు చూసి, మూడు లెక్కలు తెచ్చారు. గూగుల్ స్కాలర్‌లో ఆమె పేపర్లు 61, సైటేషన్లు (అంటే ఇతరులు తమ వ్యాసాల్లో వాటిని ప్రస్తావించిన లెక్కట) 9 వేల పైచిలుకు. స్కోపస్‌లో పేపర్లు 41, సైటేషన్లు 7 వేల చిల్లర. పబ్‌మెడ్‌లో పేపర్లు 38, సైటేషన్ల మాటే లేదు. పైగా హెచ్ ఇండెక్స్ 22 అని ఒకటి. ఒకే మనిషికి ఇన్ని లెక్కలు ఎలా ఉంటాయి? ఫ్లెక్సీ మీద ఏది వేయాలి? తెలిసినవారు చెప్పగలరు.

వందకౌంట్:

పెద్దది వేసేయండి మాస్టారూ. శామియానా కింద కూర్చున్నవాళ్లలో ఒక్కరు కూడా లెక్క పెట్టరు.

గ్రంథాలయం_గట్టు:

ఆమె లెక్క పెడుతుంది కదండీ. వేదిక మీద కూర్చునేది ఆమే.

పిపెట్టు:

మాస్టారూ, నాది పాలకొల్లు దగ్గర. హైదరాబాదులో కణజీవశాస్త్రంలోనే పీహెచ్.డి. చేస్తున్నాను. మూడు అంకెలూ తప్పు కావు, లెక్క పెట్టే తీరులు వేరు. గూగుల్ స్కాలర్ కనబడినదల్లా కలుపుకుంటుంది. పత్రికలే కాదు, సదస్సుల సంచికలు, సిద్ధాంత వ్యాసాలు, అచ్చుకు ముందు ఇంటర్నెట్‌లో పెట్టే ప్రీప్రింట్లు, అన్నీ. స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న పత్రికలనే చూస్తుంది. పబ్‌మెడ్ అసలు సైటేషన్ల కోసం పుట్టింది కాదు, వైద్య, జీవశాస్త్ర వ్యాసాల పట్టిక అది. అందుకే స్కాలర్ అంకె ఎప్పుడూ పెద్దగా, స్కోపస్ అంకె చిన్నగా ఉంటుంది. ఇద్దరు పరిశోధకులను పోల్చాల్సి వస్తే ఒకే చోటి లెక్క తీసుకోవాలి. ఒకరిది స్కాలర్ నుంచి, ఇంకొకరిది స్కోపస్ నుంచి తీసి పక్కపక్కన పెడితే అన్యాయం.

అయినా 61కీ 38కీ మధ్య ఇంత తేడా నాకు కొంచెం అనుమానంగా ఉంది. ఆ పేజీ లంకె నాకు విడిగా పంపుతారా?

ఏడో_సందు:

సైటేషన్లు కొనుక్కునే రోజులండీ ఇవి. నువ్వు నన్ను ఉటంకించు, నేను నిన్ను ఉటంకిస్తాను అని గుంపులు కట్టి పెంచుకునేవాళ్లు ఉన్నారు. డబ్బు కడితే వారంలో వ్యాసం వేసే పత్రికలు ఉన్నాయి. మన దగ్గర పీహెచ్.డి. కావాలంటే పేపరు వేయించుకోవాల్సిందే అన్న నిబంధన ఉన్నంత కాలం వాటికి పండగే. 2022లో యూజీసీ ఆ నిబంధన తీసేసింది, అప్పటికే కావలసినన్ని పుట్టగొడుగులు మొలిచాయి. కణజీవశాస్త్రమూ పత్తిత్తు కాదు. ఎలిసబెత్ బిక్ అనే ఆమె మరో ఇద్దరితో కలిసి 20 వేలకు పైగా జీవవైద్య వ్యాసాల్లో బొమ్మలు పరిశీలించి 2016లో చెప్పింది: దాదాపు నూటికి నాలుగింట్లో ఒకే బొమ్మను తిప్పో, కత్తిరించో రెండుసార్లు వాడినట్టు తేలింది. అంకె చూసి దండ వేయకండి.

గ్రంథాలయం_గట్టు:

మీరు అంటున్నది మా అమ్మాయి గురించి కాదని అనుకుంటాను.

ఏడో_సందు:

ఆమె ఎవరో నాకు తెలియదు మాస్టారూ. అంకెల గురించి అన్నాను. నొప్పించి ఉంటే మన్నించండి.

లెక్కలమాస్టారు:

భీమవరం నుంచి. హెచ్ ఇండెక్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతాను. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. పేపర్లన్నిటినీ సైటేషన్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరసలో పెట్టి 1, 2, 3 అని సంఖ్యలు వేయాలి. ఏ వరస సంఖ్య దగ్గర ఆ పేపరు సైటేషన్లు కనీసం ఆ సంఖ్యకు సమానంగా ఉండి, తరువాతి దాని దగ్గర ఉండవో, అక్కడ ఆగాలి. ఆ సంఖ్యే హెచ్. 22 అంటే కనీసం 22 సైటేషన్లు చొప్పున ఉన్న పేపర్లు 22 ఉన్నాయని అర్థం. 23 ఉన్నవి 23 లేవు. ఒక్క పేపరుకు లక్ష సైటేషన్లు వచ్చినా ఇందులో దాని వాటా ఒక్కటే. ఈ గుణం గుర్తుపెట్టుకోండి.

వందకౌంట్:

మా రొయ్యల చెరువుల భాషలో చెబుతాను, తప్పయితే దిద్దండి. పట్టుబడి రోజున "ఎన్ని టన్నులు పడ్డాయి" అని ఊరంతా అడుగుతుంది. కొనేవాడు మాత్రం "ఏ కౌంట్" అని అడుగుతాడు. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, పెద్ద సైజు. 100 కౌంట్ అంటే చిన్నవి, ధర అంతంత మాత్రం. మొత్తం సైటేషన్లు టన్నుల లాంటివి. హెచ్ ఇండెక్స్ కౌంట్ లాంటిది. వలలో ఒక్క పండుగప్ప పడి తూకం పెరిగినంత మాత్రాన రొయ్యల కౌంట్ మారదు. అంతేనా?

లెక్కలమాస్టారు:

కౌంట్ తగ్గితే మేలు, హెచ్ పెరిగితే మేలు. దిక్కు తిరగబడింది గానీ, పండుగప్ప పోలిక నా వివరణ కంటే బాగుంది. ఒప్పుకుంటున్నాను.

పిపెట్టు:

మాస్టారు పంపిన పేజీ తెరిచి గంట కూర్చున్నాను. వందకౌంట్ గారి నోటి చలవ, నిజంగానే పండుగప్ప ఉంది.

స్కాలర్‌లో అన్నిటికంటే పైన ఉన్నది 2016లో ఆటోఫజీ అనే పత్రికలో వచ్చిన వ్యాసం. ఆటోఫజీ అంటే కణం తనలోని అరిగిపోయిన భాగాలను తానే పొట్లం కట్టి, కరిగించి, ఆ సరుకును మళ్లీ వాడుకోవడం. ఆ పనిని ప్రయోగశాలలో ఎలా కొలవాలి, ఎక్కడ పొరబడతారు అని చెప్పే మార్గదర్శకాలు ఆ వ్యాసంలో ఉంటాయి. 222 పుటలు. రచయితలు 2,400 మందికి పైగా! డేనియల్ క్లియోన్‌స్కీ పేరు ముందు ఉంటుంది, ఆ తరువాత పుటల కొద్దీ పేర్లే. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరు ఏ ప్రయోగం చేసినా దాన్ని ఉటంకిస్తారు. మాస్టారూ, మీ 9 వేలలో సింహభాగం ఆ ఒక్క వ్యాసానిదే. అది తీసేస్తే 2 వేల లోపే మిగులుతుంది.

గ్రంథాలయం_గట్టు:

అయితే ఆమెకు అంత పేరు లేనట్టా? కమిటీకి నేను ఏమని చెప్పాలి?

పిపెట్టు:

అయ్యో, అలా కాదండీ. 22 హెచ్ ఇండెక్స్‌ను ఆ వ్యాసం ఒక్క మెట్టు మాత్రమే పెంచగలదు. మిగతాది ఆమె కష్టమే. ఆ 2,400 మందిలో చోటు దొరకడం కూడా ఊరికే రాదు, ఆ రంగంలో పనిచేస్తూ ఉండాలి. కానీ "9 వేల సార్లు ఈమెను ఉటంకించారు" అని మైకులో చదివితే, విషయం తెలిసినవాళ్లు ఉంటే నవ్వుకుంటారు. ముందుగా నవ్వేది ఆమే.

ఇంకో మాట. కణజీవశాస్త్రంలో పేర్ల వరసకు అర్థం ఉంది. ముందు పేరు చేత్తో పని చేసినవారిది. చివరి పేరు ప్రయోగశాల నడిపేవారిది. మధ్యలోవాళ్లు ఒక బొమ్మకో, ఒక ప్రయోగానికో సాయం చేసినవాళ్లు. సైటేషన్ల మొత్తం ఈ తేడా చూపదు, మధ్యలో ఉన్నా అంతే కలుపుతుంది. ఈమె పేరు చివర ఉన్న పేపర్లు 9 కనబడ్డాయి. ముందు ఉన్నవి మూడే. ఇది నాకు వింతగా ఉంది. సొంత ప్రయోగశాల వచ్చిందంటే చిన్నప్పటి పని గట్టిదై ఉండాలి. ఆ పేపర్లు ఏవి?

ధవళేశ్వరం_రేవు:

గోదావరి జిల్లాల వాళ్లు సైటేషన్ల గురించి ఇంతసేపు మాట్లాడుకుంటూ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఎత్తకపోవడం ఏమిటండీ? పుట్టింది భీమవరంలో, 1895 జనవరి 12న.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఆయన ఒక వ్యాసం రాశారు. విషయం చూస్తే చప్పగా ఉంటుంది: నమూనాలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలవడం. మాలిబ్డేటు కలిపితే నీలం రంగు వస్తుంది, భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. అంతే సంగతి. కానీ నూరేళ్లుగా జీవరసాయన శాస్త్రంలో ఎక్కువగా ఉటంకించే వ్యాసాల్లో అదొకటి. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వాళ్లు పట్టుకోగలిగారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కణం ఏ పని చేయాలన్నా ఖర్చు పెట్టే నాణెం అది.

ఇక రెండో వైపు చూడండి. 1948లో సిడ్నీ ఫార్బర్ బృందం పిల్లల రక్త క్యాన్సర్‌కు అమినాప్టెరిన్ ఇచ్చి, కొన్నాళ్ల పాటైనా జబ్బును అణచగలిగామని ప్రకటించింది. క్యాన్సర్ మందుల చరిత్ర ఆ వ్యాసంతో మలుపు తిరిగింది. దాని మీద ఐదు పేర్లు ఉంటాయి. ఆ మందు సుబ్బారావు గారు నడిపిన లెడర్లే ప్రయోగశాలలో తయారైంది, ఐదుగురిలో ఆయన లేరు. అదే ప్రయోగశాలలో పుట్టిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద డగ్గర్ రాసిన వ్యాసంలోనూ ఆయన పేరు లేదు. బోదకాలుకు మన జిల్లాల్లో ఇంటింటికీ తెచ్చి మింగించిన డీఈసీ మాత్ర ఉంది చూశారా, దాని తొలి పరిశోధన వ్యాసం 1947లో వచ్చింది. అందులో మాత్రం చిట్టచివర ఆయన పేరు ఉంది. బోదకాలు మన డెల్టాను ఎంత పీడించిందో నా వయసు వాళ్లకు చెప్పక్కరలేదు. ఆ మాత్ర మింగినవాళ్లు ఎవరూ ఎక్కడా సైటేషన్ రాయలేదు.

లెక్కలమాస్టారు:

ఇది వింటే మరొకటి గుర్తుకు వస్తోంది. ప్రపంచంలో ఎక్కువ సైటేషన్లు వచ్చిన వ్యాసాలేవని 2014లో నేచర్ పత్రిక లెక్క తీసింది. మొదటిది 1951 నాటి లౌరీ వ్యాసం, 3 లక్షలు దాటాయి. విషయం ప్రోటీన్ కొలిచే పద్ధతి. రెండోది లేమ్లీ, ప్రోటీన్లను జెల్‌లో వేరుచేసే పద్ధతి. మూడోది బ్రాడ్‌ఫర్డ్, మళ్లీ ప్రోటీన్ కొలతే. డీఎన్ఏ జంట మెలికల వ్యాసానికి మొదటి నూరింటిలో చోటే లేదు. కొలిచే గిద్దె, తవ్వ అందరికీ కావాలి, గాదె కట్టినవాడి పేరు ఎవరికీ అక్కరలేదు. లౌరీ కూడా ఆ వ్యాసం అంత గొప్పదేమీ కాదనే అనేవాడట.

పిపెట్టు:

మా ల్యాబులో ఫాస్ఫేట్ కొలవడానికి ఒక చిన్న డబ్బా ఉంటుంది. సీసాలోది రెండు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. డబ్బా మీద కంపెనీ పేరు, ధర. నిన్నటి వరకు నాకు భీమవరం గుర్తుకు రాలేదు. మేము వ్యాసం రాసినా ఆ కంపెనీ పేరే రాస్తాం. పద్ధతి మరీ ఇంటి వస్తువైపోతే సైటేషన్ ఆగిపోతుంది.

వందకౌంట్:

ఒక సందేహం. మా చెరువుల్లో ఈహెచ్‌పీ అనే జబ్బు ఉంది. రొయ్య చావదు, పెరగదు. మేత మాత్రం తింటూనే ఉంటుంది. నెలలు గడిచినా కౌంట్ దిగదు. దాని మీద పనిచేసేవాళ్లకు కూడా ఇలా వేలల్లో సైటేషన్లు వస్తాయా?

పిపెట్టు:

రావండీ. అది రొయ్య కాలేయం లాంటి అవయవంలో, కణాల లోపల చేరి బతికే సూక్ష్మ పరాన్నజీవి. 2009లో థాయిలాండ్‌లో దానికి పేరు పెట్టారు. క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లు లక్షల్లో ఉంటే రొయ్య కణాల మీద పనిచేసేవాళ్లు గుప్పెడు. మనుషుల కణాలను సీసాల్లో ఏళ్ల తరబడి పెంచవచ్చు, రొయ్య కణాలను అలా పెంచడానికి దశాబ్దాలుగా తంటాలు పడుతూనే ఉన్నారు. ఉటంకించడానికి మనుషులు ఉంటేనే కదా సైటేషన్లు. ఆ రంగంలో 200 వస్తే మా రంగంలో 2 వేలు వచ్చినట్టు.

వందకౌంట్:

అంటే మా జబ్బు నయం చేసేవాడికి ఫ్లెక్సీ కట్టరు. సరే, నేను కడతాను. ముందు నయం చేయమనండి.

కోటిపల్లి_పంటు:

ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 26 ఏళ్లు పనిచేశాను. పిపెట్టు గారు "చిన్నప్పటి పేపర్లు ఏవి" అని అడిగిన చోట ఆగిపోయాను. అసలు చిక్కు అక్కడే ఉంది, అది మన తెలుగు పేర్ల చిక్కు.

మనకు ఇంటిపేరు ముందు, పొడి అక్షరంగా. అసలు పేరు వెనుక. విదేశీ పట్టికలు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. దాంతో "రావు", "రాజు", "రెడ్డి", "లక్ష్మి", "దేవి" అన్నీ వాళ్ల లెక్కలో ఇంటిపేర్లే. భీమవరం చుట్టుపక్కల రాజులందరూ ఒకే కుటుంబమని యంత్రం నమ్ముతుంది. సుబ్బారావు గారినే చూడండి. యల్లాప్రగడ అనే ఇంటిపేరు ఒక్క "వై" అక్షరమై మిగిలింది. పేరును సుబ్బ, రావు అని రెండు ముక్కలు చేసి మళ్లీ అతికించి అచ్చు వేశారు.

నేనూ ఆ పేజీ చూశాను. స్కాలర్‌లోని 61లో 14 పేపర్లు ఆమెవి కావు. కాంక్రీటులో బూడిద కలపడం మీద ఆరు, వంతెన దూలాల మీద ఐదు, విద్యుత్తు గ్రిడ్ మీద మూడు. ఎక్కడో అదే పొడి అక్షరం, అదే పేరు ఉన్న ఇంజినీరు ఉన్నారు, యంత్రం ఇద్దరినీ ఒకరిని చేసింది. కణం గోడకు కాంక్రీటు వేస్తున్నదని కుర్రవాళ్లకు అనుమానం రాలేదు కాబోలు.

ఇంకో ప్రశ్న మాస్టారూ. ఆమె పెళ్లి ఎప్పుడు అయింది?

గ్రంథాలయం_గట్టు:

2006లో అనుకుంటాను. భోజనాల దగ్గర వడ్డించింది నేనే. ఎందుకండీ?

కోటిపల్లి_పంటు:

ఆ పేజీలో 2007కు ముందు ఒక్క పేపరు కూడా లేదు. పెళ్లితో ఇంటిపేరు మారి ఉంటుంది. పుట్టింటి పేరుతో వెతకండి.

గ్రంథాలయం_గట్టు:

మీ మాట పట్టుకుని నిన్న సాయంత్రం వాళ్ల అమ్మగారి దగ్గరకు వెళ్లాను. విషయం చెప్పగానే ఆమె లేచి లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె తెరిచారు. పట్టు చీరల అడుగున, కలరా ఉండల వాసనతో, ఒక పల్చని పుస్తకం లాంటిది తీశారు. విడిగా అచ్చు వేసి ఇచ్చిన పేపరు ప్రతి అది. బడి పుస్తకానికి వేసినట్టే గోధుమ రంగు అట్ట వేశారు. అట్ట మీద చీటీ అంటించి ఉంది. పేరు దగ్గర పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా. తరగతి దగ్గర "పీహెచ్.డి.". సెక్షన్ దగ్గర గీత.

2003 నాటిది. ముందు పేరు మా అమ్మాయిదే. లోపల నల్లని నేపథ్యంలో గుండ్రని ఆకారాలు, వాటి లోపల చిన్న చిన్న చుక్కలు. "ఇవేమిటమ్మా" అంటే, "ఈస్టు అంటండీ, ఇడ్లీ పిండి పులిసే లాంటిదంట. దానికి తిండి పెట్టకుండా మాడ్చి చూసిందంట" అన్నారావిడ. ఫోటో తీసి పంపాను, పిపెట్టు గారు చూశారు.

పిపెట్టు:

చూశాను మాస్టారూ. పుట్టింటి పేరుతో మొత్తం నాలుగు పేపర్లు దొరికాయి, రెండింటిలో ముందు పేరు ఆమెదే. మీ ట్రంకు పెట్టెలోది వాటిలో మొదటిది. దానికి 600కు పైగా సైటేషన్లు ఉన్నాయి, ఆమె పేజీలో ఒక్కటీ కలవలేదు. కాంక్రీటు తీసి, వీటిని కలిపితే హెచ్ ఇండెక్స్ 22 దగ్గరే నిలిచింది. పోయినవి పోయాయి, వచ్చినవి వచ్చాయి.

ఆ చుక్కల కథ కూడా చెప్పనివ్వండి. 1992లో జపానులో యోషినోరి ఒసుమి ఈస్ట్ కణాలను పస్తు పెట్టాడు. కణంలో చెత్త కరిగించే సంచి లాంటి రిక్తిక ఉంటుంది. అందులో కరిగించే ఎంజైములు లేని ఈస్ట్‌ను ఎంచుకున్నాడు, సంచిలో పడినది కరగకుండా కనబడాలని. మామూలు సూక్ష్మదర్శిని కింద చూస్తే సంచి నిండా చుక్కలు గంతులు వేస్తున్నాయి. ఆటోఫజీని అలా కళ్లతో చూశాడు. ఏ జన్యువులు చెడితే ఈ చుక్కలు రావో 1993లో వెతికి, 15 జన్యువుల ఆచూకీ పట్టాడు. ఆ వ్యాసం ఫెబ్స్ లెటర్స్‌లో వచ్చింది. ఆర్భాటం లేని పత్రిక. 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ ఊరి అమ్మాయి చేసింది ఆ దారిలో తరువాతి మజిలీ: పస్తు మొదలైన ఎన్ని నిమిషాలకు ఏ ప్రోటీన్ కదులుతుందో కొలిచే పద్ధతి.

ఏడో_సందు:

పద్ధతి! మళ్లీ గిద్దె, తవ్వే. అయితే ఆ 600 నమ్మదగ్గవే. అయినా మాస్టారూ, ఏ పత్రికలో వచ్చింది? పెద్ద పత్రికైతే దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వేయండి, జనానికి ఆ మాట తెలుసు.

లెక్కలమాస్టారు:

వేయకండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికకు చెందిన సగటు, మనిషిది కాదు. గత రెండేళ్లలో ఆ పత్రిక వేసిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. సగటును ఒక్కడు ఎలా పాడు చేయగలడో చెబుతాను. స్ఫటికశాస్త్రంలో ఒక పత్రిక ఉంది, ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎప్పుడూ 2 చుట్టూ ఉండేది. 2009లో ఒక్కసారిగా దాదాపు 50కి ఎగిరింది. షెల్డ్రిక్ అనే ఆయన 2008లో రాసిన ఒక్క వ్యాసం వల్ల. మిగతా రచయితలు మునుపటి వాళ్లే, వాళ్ల పనీ మునుపటిదే.

కోటిపల్లి_పంటు:

ఈ మాట గట్టిగా అన్నది కూడా కణజీవశాస్త్రం వాళ్లేనండి. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికా కణజీవశాస్త్ర సంఘం సమావేశాలు జరిగినప్పుడు కొందరు సంపాదకులు కూర్చుని ఒక ప్రకటన రాసుకున్నారు. 2013లో బయటికి వచ్చింది. డోరా అంటారు. ఉద్యోగానికీ, నిధులకూ మనిషిని తూచేటప్పుడు పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వాడవద్దు, ఆ పనిని చదివి చూడండి అని దాని సారం. ప్రపంచమంతా సంతకాలు పెట్టారు. పెట్టినవాళ్లలో ఎంతమంది ఆచరిస్తున్నారో నా గ్రంథాలయం కౌంటర్ దగ్గర చూశాను లెండి. దరఖాస్తు గడువు ముందు రోజు వచ్చి "సార్, దీని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత" అనే అడిగేవారు.

పిపెట్టు గారూ, మీరైనా ఇప్పుడే ఆర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకుని అన్ని పేపర్లకూ తగిలించుకోండి. రేపు మీ ఇంటిపేరు మారినా, మారకపోయినా, ఆ నంబరు మారదు.

పిపెట్టు:

తీసుకున్నాను సార్. మా అమ్మకు కూడా ట్రంకు పెట్టె ఉంది, అందులో పెట్టమని ఆ నంబరు పంపాను.

గ్రంథాలయం_గట్టు:

ఫోన్ చేసి మాట్లాడాను. కాంక్రీటు మాట వినగానే ఆమె పడీపడీ నవ్వింది. ఆ పేజీ తెరిచి ఏళ్లయిందట, ఈ ఆదివారం శుభ్రం చేస్తానంది. 9 వేల అంకె వేయవద్దని గట్టిగా చెప్పింది. 600 వేయవచ్చా అంటే కాసేపు మాట్లాడలేదు. "వేయండి మాస్టారూ, కానీ అది మా అమ్మ దాచిన పేపరని కూడా వేయండి" అంది. సన్మాన పత్రంలో అలా రాయకూడదమ్మా అన్నాను. తరువాత ఆలోచిస్తే ఎందుకు రాయకూడదో నాకూ తోచలేదు.

ఇదిగో చిత్తు ప్రతి, దిద్దండి:

"తిండి దొరకనప్పుడు కణం తనలోని పాత సరుకును తానే కరిగించుకుని ప్రాణం నిలుపుకుంటుంది. దీనికి ఆటోఫజీ అని పేరు. ఈస్ట్ కణాల్లో ఈ పని ఎప్పుడు మొదలవుతుందో కొలిచే పద్ధతిని తమరు 2003లో, విద్యార్థినిగా ఉండగా, రూపొందించారు. ఆ వ్యాసాన్ని ఇతర పరిశోధకులు 600కు పైగా వ్యాసాల్లో ప్రస్తావించారు. దాని తొలి ప్రతిని తమరి తల్లిగారు అట్ట వేసి నేటికీ భద్రపరిచారు."

సరస్వతీ పుత్రిక అన్నది మొదటి పంక్తిలో ఉంచాను. అదొక్కటి వదలలేను.

లెక్కలమాస్టారు:

"600కు పైగా" పక్కన ఏ తేదీ నాటి లెక్కో, ఎక్కడి లెక్కో రాయండి.

ఏడో_సందు:

మైకులో చదివే పత్రంలో తేదీ ఎందుకండీ? నేను తప్పు పట్టాల్సింది పోయి మీరు పడుతున్నారు. "రూపొందించారు" దగ్గర "తోటివారితో కలిసి" అని చేర్చండి మాస్టారూ, పేపరు మీద మరో నాలుగు పేర్లు ఉన్నాయి. మిగతాది బాగుంది.

గ్రంథాలయం_గట్టు:

రెండూ చేర్చాను. ఇప్పుడు ఒకటే మిగిలింది. ఫ్లెక్సీ మీద ఏ ఇంటిపేరు? ఊరికి తెలిసింది పుట్టింటి పేరు. అల్లుడుగారు కూడా వేదిక మీద ఉంటారు.

కోటిపల్లి_పంటు:

రెండూ వేయండి. ఇప్పటికే యంత్రం ఆమెను రెండు ముక్కలు చేసింది.

గ్రంథాలయం_గట్టు:

ప్రూఫు వచ్చింది. రెండు ఇంటిపేర్లూ, పేరూ పట్టేసరికి ఫ్లెక్సీ నిండిపోయింది. అంకె వేయడానికి చోటు లేదన్నాడు అమలాపురం కుర్రవాడు. పక్కన ఈస్ట్ కణం బొమ్మ వేయమంటే బన్ను ముక్క బొమ్మ వేశాడు. మార్చమని చెప్పి వచ్చాను.

వందకౌంట్:

శామియానాకు చెప్పారా మాస్టారూ? కనుమ నాడు కోడిపందాల వాళ్లు అన్నీ ముందే పట్టుకుపోతారు. చెప్పకపోతే ఈ రాత్రికే నాకు ఫోన్ చేయండి, మా చెరువు గట్టు మీద రెండు ఉన్నాయి.